లైటర్ రాయి రాయి కాదు

ఇంటర్‌లో సైన్సు గ్రూపు తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు లాంథనైడ్లు అనగానే పేజీ తిప్పేస్తారు. మొత్తం పదిహేను మూలకాలు, అన్నీ నోరు తిరగని పేర్లు. వాటిలో ఒక్క సీరియంను గట్టిగా పట్టుకోండి, మిగతావి చాలావరకు లొంగుతాయి.

గ్యాస్ వెల్డింగ్ షాపులో మేస్త్రీ లైటర్ గీయగానే నిప్పురవ్వలు రాలడం అందరూ చూసేదే. సిగరెట్ లైటర్లో వేసే "రాయి" కూడా ఆ జాతిదే. నిజానికి అది సీరియం, లాంథనం, ఇనుము వగైరా కలిసిన మిశ్రమలోహం. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆయర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. గీసినప్పుడు రాలే పొడి రాపిడికి వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి భగ్గుమంటుంది. (వంటింట్లో టక్కుమనే గ్యాస్ లైటర్ వేరు, అందులో పుట్టేది విద్యుత్ రవ్వ.)

సీరియం పరమాణు సంఖ్య 58. 1803లో స్వీడన్‌లో బెర్జీలియస్, హిసింగర్, జర్మనీలో క్లాప్రోత్ దీన్ని విడివిడిగా గుర్తించారు. వెండిలా మెరుస్తుంది, చాకుతో కోస్తే తెగుతుంది. గాలి తగిలితే మెరుపు పోతుంది. మన అల్యూమినియం గిన్నె మీద ఏర్పడే ఆక్సైడ్ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. సీరియం మీది పొర పెచ్చులుగా ఊడిపోతుంది, లోపలి లోహం మళ్లీ గాలికి దొరుకుతుంది. అందుకే దీన్ని నూనెలోనో, జడవాయువులోనో దాస్తారు.

చల్లని నీటితో మెల్లగా, వేడి నీటితో వేగంగా చర్య జరిపి హైడ్రోజన్‌ను వదులుతుంది. పిడుగురాళ్ల బట్టీల సున్నం మీద నీళ్లు పోసినా కుతకుతలాడుతుంది కదా, అక్కడ హైడ్రోజన్ ఎందుకు రాదు? ఆ సున్నం అప్పటికే ఆక్సైడ్, సీరియం ఇంకా లోహం. మండుతున్న సీరియం మీద నీళ్లు పోయకూడదనడానికి కారణం ఈ హైడ్రోజనే.

అసలు చిక్కు వేరుచేయడంలో ఉంది. మన హాస్టల్లో కడిగి బోర్లించిన స్టీలు కంచాల్లో ఎవరిది ఏదో పేరు చెక్కితే తప్ప తెలియదు. లాంథనైడ్లూ అంతే. దాదాపు అన్నీ మూడేసి ఎలక్ట్రాన్లు ఇచ్చి +3 స్థితిలో ఉంటాయి, ఒకే ఖనిజంలో కలిసే దొరుకుతాయి. సీరియం మాత్రం నాలుగో ఎలక్ట్రాన్‌ను కూడా వదిలి +4 స్థితికి పోగలదు. కంచం మీద చెక్కిన పేరు అదే. ద్రావణాన్ని ఆక్సీకరణం చేసి ఆమ్లత్వాన్ని కొద్దిగా తగ్గిస్తే, సీరియం హైడ్రాక్సైడ్‌గా అడుగున చేరుతుంది, మిగతావి ద్రావణంలోనే ఉండిపోతాయి. ఆ మిగిలినవాటిని విడదీయడానికి మాత్రం ద్రావణులతో ఎన్నోసార్లు వడపోయాల్సిందే.

"అరుదైన మృత్తిక" అన్న పేరు చూసి మోసపోకండి. భూమి పొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంటుంది. మన దేశంలో దీనికి ముఖ్య ఖనిజం మోనజైట్. రాష్ట్రాలవారీగా చూస్తే ఆ నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్ర తీరపు ఇసుకలోనే, భీమునిపట్నం వైపు. అందులో థోరియం కూడా ఉండటం వల్ల అది అణుశక్తి చట్టం కిందికి వస్తుంది, ఎవరుపడితే వారు తవ్వుకోవడానికి లేదు. ప్రభుత్వరంగంలోని ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ 1952లో కేరళలోని అలువాలో మోనజైట్ శుద్ధి మొదలుపెట్టింది. 2023లో అదే సంస్థకు విశాఖలో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం వచ్చింది. సమేరియం పరమాణు సంఖ్య 62, ఆవర్తన పట్టికలో సీరియంకు నాలుగు గళ్ల అవతల.