ఒళ్లు సడలితేనే మనసు కుదుటపడేది!

పంటి డాక్టరుకూ మంచుకొండల మీద స్కీయింగ్‌కూ ఏం సంబంధం? 1960ల్లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో రేమండ్ అబ్రెజోల్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. డ్రిల్ చప్పుడు వింటేనే చెమటలు పట్టి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునే రోగులను కుదుటపరచడానికి ఆయన ఓ కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. అది ఫలితమివ్వడం చూసి క్రీడాకారులకూ నేర్పడం మొదలుపెట్టాడు. 1968లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు స్విస్ స్కీయర్లు కొందరు ఆయన దగ్గర సాధన చేసి మరీ బరిలోకి దిగారు. ఆ పోటీల్లో స్విస్ జట్టు పతకాలు గెలిచింది. ఆ ఘనతంతా ఈ పద్ధతికే కట్టబెట్టడం అన్యాయం, ఏళ్లతరబడి మంచులో పడిన కష్టం వాళ్లది. అయితే దవడ నొప్పితో వచ్చిన రోగికీ, గడ్డకట్టే చలిలో పోటీ మొదలయ్యే క్షణం కోసం కాచుకున్న ఆటగాడికీ ఒకే సాధన పనికొచ్చిందన్న మాట మాత్రం ఆ చుట్టుపక్కల దేశాల్లో బాగా పాకింది. ఆ సాధనే సోఫ్రాలజీ.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఆ పేరు తెలియనివారు తక్కువ. కాన్పుకి సిద్ధమవుతున్న గర్భిణులు, నిద్రపట్టని ఉద్యోగులు, పరీక్షల ముందు బెంబేలెత్తే పిల్లలు సోఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్తుంటారు. క్యాన్సర్ చికిత్సకు తోడుగా దీన్ని నేర్పే ఆసుపత్రులూ ఉన్నాయి. ఇక్కడ మనకు దీని గురించి పెద్దగా తెలియదు. దీని వేళ్లలో ఒకటి మాత్రం మన నేలలోనే ఉంది.

మాడ్రిడ్ వార్డులో పుట్టిన ప్రశ్న

సోఫ్రాలజీని రూపొందించింది అల్ఫోన్సో కైసెడో. 1932లో కొలంబియా రాజధాని బొగోటాలో పుట్టి, వైద్యం చదవడానికి స్పెయిన్ వెళ్లి, మాడ్రిడ్‌లో మానసిక వైద్యుడిగా పనిచేశాడు. అప్పట్లో మానసిక రోగుల వార్డుల్లో వాడే చికిత్సల్లో రెండు: కరెంటు షాకు ఇవ్వడం, ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి పంపడం. షాక్ చికిత్సను ఇవాళ మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేస్తున్నారు. తీవ్రమైన కుంగుబాటులో అది ప్రాణాలు నిలుపుతోంది కూడా. ఆనాటి పరిస్థితి వేరు. మనిషిని స్పృహ తప్పించి బాగుచేయాలనుకోవడం ఆ కుర్ర డాక్టరుకు మింగుడుపడలేదు. స్పృహను చెదరగొట్టకుండా, దాన్నే బలపరిచి రోగిని కోలుకునేలా చేయలేమా అని ఆలోచించాడు. 1960లో సోఫ్రాలజీకి బీజం పడింది అక్కడే.

మొదట్లో ఆయన హిప్నాసిస్‌నీ, అమెరికాలో జేకబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన కండరాల సడలింపునీ, జర్మనీలో షుల్ట్జ్ రూపొందించిన ఆటోజెనిక్ ట్రైనింగ్‌నీ ఆధారం చేసుకున్నాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లో లుడ్విగ్ బిన్స్‌వాంగర్ అనే పేరుమోసిన మానసిక వైద్యుడి దగ్గర చేరాడు. రోగం పేరు పక్కనపెట్టి, ఎదుటి మనిషికి తన అనుభవం ఎలా ఉందో ముందు వినాలన్న చూపు అక్కడ అలవడింది. కైసెడో భార్య కొలెట్‌కు యోగాలో ప్రవేశం ఉండేది. ఆ ప్రభావంతో 1960ల మధ్యలో ఆయన తూర్పు దేశాల ప్రయాణం కట్టాడు. భారతదేశంలో యోగులను, ధర్మశాలలో టిబెటన్ బౌద్ధులను, జపాన్‌లో జెన్ సాధకులను కలిశాడు. వాళ్ల సాధన శరీరం మీద, మనసు మీద ఎలా పనిచేస్తోందో డాక్టరు కళ్లతో గమనించాడు. తిరిగి వెళ్లి బార్సిలోనాలో స్థిరపడ్డాక డైనమిక్ రిలాక్సేషన్ పేరుతో వ్యాయామాల వరుస తయారుచేశాడు. క్రమంగా అది 12 మెట్లకు పెరిగింది. మొదటి మెట్టుకు మన యోగా, రెండోదానికి టిబెటన్ బౌద్ధం, మూడోదానికి జెన్ ప్రేరణ.

‘మన యోగానే పేరు మార్చి మనకే చెబుతున్నారు’ అని కొందరికి అనిపించొచ్చు. కైసెడో ఆ అప్పును దాచుకోలేదు, భారతీయ యోగుల మీద పుస్తకమే రాశాడు. ఆయన చేసిన పని వేరే ఉంది. మంత్రాన్ని, ఆసనాన్ని, ఆరాధనను పక్కకు తీసి, ఆసుపత్రి వార్డులోనో ఆఫీసు గదిలోనో ఎవరైనా చేయగలిగేంతవరకే మిగిల్చాడు. అలా తీసేయడంలో పోయింది చాలానే ఉంది, యోగాను జీవనమార్గంగా చూసేవాళ్లకు ఇది చప్పగా తోస్తుంది. కానీ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేని పెద్దావిడకి, ఏ దేవుణ్నీ తలుచుకోవడం ఇష్టంలేని కుర్రాడికి ఇందులో చోటుంది. ఆ చోటు విలువైనదని నా నమ్మకం.

కుర్చీ, గొంతు, ఊపిరి

సోఫ్రాలజిస్టు గదిలో చాప ఉండదు. రోజూ వేసుకునే బట్టలతోనే వెళ్లొచ్చు. ఎవరూ ఒంటిమీద చెయ్యి వేయరు. సాధన నిలబడి చేయాలి, లేదా వీపు నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చుని చేయాలి. కళ్లు మూసుకున్నాక వినిపించేది ఒక్క గొంతే. హెచ్చుతగ్గులు లేకుండా, తొందరలేకుండా సాగే ఆ మాటతీరుకు కైసెడో ప్లేటో రచన నుంచి తీసుకుని ‘టెర్ప్‌నోస్ లోగోస్’ అని పేరు పెట్టాడు. ఆ గొంతు మిమ్మల్ని నుదురు, దవడ, మెడ, భుజాలు, ఛాతీ, పొట్ట, నడుము, కాళ్ల మీదుగా అరికాళ్లదాకా నడిపిస్తుంది. చివరికి మెలకువకూ నిద్రకూ నడుమ ఉండే స్థితికి చేరతారు. నిద్రలోకి జారుకోకూడదు, ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉండాలి.

ఆ తర్వాత కదలికలు. అందరికీ ముందు నేర్పేవాటిలో భుజాల పంపింగ్ ఒకటి. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడి, చేతులు పక్కలకు వేలాడేసి పిడికిళ్లు బిగించాలి. ముక్కుతో గాలి పీల్చి, లోపలే ఆపి, భుజాలను పైకీ కిందకీ గబగబా కుదపాలి. ఇక ఆపలేమనిపించగానే నోటితో ఒక్కసారిగా గాలి వదిలేసి, పిడికిళ్లు విప్పి, చేతులు జారవిడవాలి. మూడుసార్లు చేశాక ఏమీ చేయకుండా అలాగే నిలబడాలి. ముఖ్యమైన ఘట్టం ఈ ఆగడమే. అరచేతుల్లో వెచ్చదనమో, వేళ్ల చివర్ల తిమ్మిరో, భుజాలు బరువెక్కడమో, గుండె వేగం తగ్గడమో తెలుస్తుంది. మొదట్లో చాలామందికి ఏమీ తెలియదు. అదీ ఒక అనుభవమే, దాన్నే గమనించమంటారు.

దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ‘టెన్షన్ పడకు’ అని మనసుకు ఎంత నచ్చచెప్పినా మెడ వినదు. అదే కండరాన్ని కావాలని ఇంకా బిగించి వదిలితే, బిగువు ఎక్కడుందో ముందు తెలుస్తుంది, ఆపైన సడలుతుంది. మామూలుగానే ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడాన్ని సాగదీస్తే వేగస్ నరం ద్వారా ఆ నెమ్మది ఇంకాస్త పెరుగుతుంది. నెగ్గుకు రావాల్సింది రోజూ చేయడం దగ్గరే. పది నిమిషాలైనా సరే, ఏ ఆందోళనా లేని రోజున కూడా చేయాలి. అవసరం ముంచుకొచ్చిన నాడు కొత్తగా నేర్చుకోవడం ఎవరి తరమూ కాదు.

హాల్లోకి అడుగుపెట్టేదాకా

ఫ్రాన్స్‌లో లిసే అనే పై తరగతుల బడి చదువు చివర బ్యాక్ అనే పరీక్షలుంటాయి. అందులో ఫిలాసఫీ పేపరు నాలుగు గంటలపాటు రాయాలి. ఆ పిల్లల చేత సోఫ్రాలజిస్టులు ముందుచూపు సాధన చేయిస్తారు. కళ్లు మూసుకుని, ఊపిరి కుదుటపడ్డాక, పరీక్ష రోజును ఊహించుకోవాలి: పొద్దున లేవడం, హాలు వెతుక్కోవడం, కుర్చీలో కూర్చోవడం, పేపరు తిప్పడం, ఒక దీర్ఘశ్వాస వదిలి పెన్ను తీయడం. ఒళ్లంతా నెమ్మదిగా ఉండగా ఆ దృశ్యాన్ని పదేపదే చూసుకుంటే, నిజంగా ఆ రోజు వచ్చేసరికి శరీరానికది కొత్తచోటులా అనిపించదు.

మన ఇంటర్ పిల్లల గోడల మీద ఏముంటుందో గుర్తుచేసుకోండి. ర్యాంకు అంకె ఉంటుంది, లేదంటే నిరుడు ఆ ర్యాంకు కొట్టిన పిల్లల ఫొటోలు. ఊహించుకోమని మనం చెప్పేది ఫలితాన్ని, అది పిల్లల చేతిలో లేనిది. ఊపిరి చేతిలోనే ఉంది, పెన్ను చేతిలోనే ఉంది. పరీక్షలకు వెళ్లే పిల్లలున్న ప్రతి అమ్మానాన్నకూ ఈ ఒక్క సంగతి చేరితే బాగుండునని గట్టిగా కోరుకుంటున్నాను.

‘బానే ఉన్నా’ అన్నాక...

సాధన పూర్తయ్యాక సోఫ్రాలజిస్టు వ్యాఖ్యానం చేయడు, సలహా ఇవ్వడు. ‘ఏం తెలిసింది?’ అని అడుగుతాడంతే. తోచింది చెప్పాలి, లేదా నోటుబుక్కులో రాయాలి. ‘కుడి భుజం ఎడమదానికంటే బరువుగా ఉంది’, ‘పొట్ట దగ్గర ఊపిరి ఆగిపోయినట్టుంది’, ‘మధ్యలో ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు’. ఇలాంటి రెండు మూడు వాక్యాలు చాలు. వాటికి తప్పొప్పులు లేవు.

ఈ పద్ధతిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇదే. మన ఇళ్లలో ‘ఎలా ఉన్నావు నాన్నా’ అంటే ‘బానే ఉన్నా’ అనడంతో సంభాషణ అయిపోతుంది. నెలల తరబడి నిద్రలేని కోడలూ, ఉద్యోగం పోతుందేమోనని బెంగపడే అల్లుడూ ఆ ఒక్క మాటే చెబుతారు. బాధను చెప్పమంటే నోరు పెగలనివాళ్లు కూడా ‘మెడ ఎలా ఉంది, ఊపిరి ఎక్కడిదాకా వెళ్తోంది’ అని అడిగితే చెప్పగలరు. ఒంటి గురించి మొదలైన మాట, నాలుగు వారాల నోటుబుక్కు తిరగేసేసరికి, ఆదివారం రాత్రుళ్లు దవడ నొప్పి ఎందుకొస్తోందో పట్టిస్తుంది. సోమవారం పొద్దున ఎవరిని కలవాలంటే భయమో అప్పుడు బయటపడుతుంది.

ఎంతవరకు నమ్మాలి?

సోఫ్రాలజీ మీద ఆసుపత్రుల్లో అధ్యయనాలు జరిగాయి. ఉబ్బసం ఎక్కువై చేరిన పిల్లల మీద, శ్వాసకు తోడ్పడే మాస్కు పెట్టిన రోగుల మీద ప్రయత్నించి చూశారు. అవన్నీ కొద్దిమందితో చేసినవి. సోఫ్రాలజీ రోగాలు నయం చేస్తుందని చెప్పడానికి ఆ సాక్ష్యం చాలదు. ఫ్రాన్స్‌లోనే ప్రభుత్వ ఆరోగ్య బీమా దీని ఖర్చు ఇవ్వదు, కొన్ని అనుబంధ బీమా సంస్థలు మాత్రం కొంత భరిస్తాయి. సోఫ్రాలజిస్టు అనే బోర్డు పెట్టుకోవడానికి అక్కడ చట్టపరంగా వైద్య పట్టా అక్కర్లేదు. అందుకే మంచి శిక్షకులు తాము డాక్టర్లం కామని ముందే చెబుతారు. మందులు మానేయమని ఎవరన్నా సరే, లేచి వచ్చేయాలి.

గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే వ్యాయామాలకు ముందు డాక్టరును అడగాలి. లేని గొంతులు వినిపించడం, భ్రమలు ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని చేసే ఇలాంటి సాధనలు సొంతంగా మొదలుపెట్టకూడదు. కళ్లు మూయగానే పాత భయం తరుముకొస్తుంటే వెంటనే తెరిచి ఆపేయాలి.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, తిండీ నిద్రా తప్పినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది వ్యాయామాలతో సరిపెట్టుకునే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.