నువ్వులకు జరుగు పరీక్ష

సంక్రాంతి సమీపించగా మా జగిత్యాలలో సకినాల పిండికై నువ్వులు చెరుగని యిల్లుండదు. కోరుట్ల దాపున సేద్యము గల మా చిన్నమ్మ యేటేట నువ్వులు పంపును. అందు సగము సిరిసిల్లలోని మా చెల్లెలికి చేరును. ఈ యేడు ఆమె మూట విప్పక యటుకపై పెట్టి, "అక్కా, మన దేశపు నువ్వులలో విషమున్నదని పై దేశములవారు త్రిప్పి పంపిరట గదా! ఎదుగు పిల్లకు నువ్వుల ముద్దలు పెట్టవచ్చునా?" అని మాకు జాబు వ్రాసినది. మేము బడిపంతులైన మా వారి నడిగి, వారు తెచ్చి యిచ్చినవి చదివి, బదులు వ్రాసితిమి. తక్కిన సోదరీమణులకును పనికివచ్చునని దానినే యిచట విన్నవించుచున్నాము.

ఆమె విన్న మాట అబద్ధము కాదు. 2020 సెప్టెంబరులో బెల్జియమువారు మన దేశపు నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడు కనుగొని ఐరోపా దేశములకు హెచ్చరిక పంపిరి. ఇదియొక వాయువు. ఆసుపత్రి పరికరములను శుద్ధి చేయుటకు వాడుదురు. ధాన్యాదులలోని సూక్ష్మజీవులను చంపుటకును కొందరు దీనిని పట్టింతురు. కాని యిది మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో నొకటి. నువ్వులలో దీనికి ఐరోపావారు పెట్టిన హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాము, అనగా ఇరువది కిలోలలో ఒక్క మిల్లీగ్రాము. కొన్ని సరకులలో అంతకు వేయి రెట్లకు పైగా నుండెను.

ఇంత స్వల్పమైన దానిని పట్టుట యెట్లు? చాటలో చెరిగిన రాలదు, నాలుకకు తెలియదు. పాలను నీళ్లను వేరు చేయు హంసను కావ్యములలో చదివితిమి. ఈ పని చేయునది రెండు యంత్రముల జంట. మొదటిది గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రము. సుమారు ముప్పది మీటర్ల పొడవును, లోన పావు మిల్లీమీటరు వెడల్పును గల గొట్టమును, సిరిసిల్లలో కండెకు నూలు చుట్టినట్లు చుట్టి, వేడిచేయు పెట్టెలో నుంచుదురు. నువ్వులనుండి తీసిన సారమును ఆవిరి చేసి హీలియము వాయువుతో అందు నడిపింతురు. గొట్టము లోగోడలకు పలుచని పూత యుండును. వేములవాడ జాతరకు కలిసి బయలుదేరిన గుంపులో గాజుల కొట్టుకడ నిలుచువారు నిలువగా, దేనికిని ఆగనివారు ముందుగా గుడి చేరుదురు గదా! అట్లే పూత నంటుకొను పదార్థములు వెనుకబడును, అంటనివి ముందు వెలువడును.

వెలువడిన దానిని రెండవ యంత్రమైన మాస్ స్పెక్ట్రోమీటరు ఎలక్ట్రానులతో కొట్టి, అణువులను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను గుర్తించును. పగులు తీరు పదార్థమునకు వ్రేలిముద్ర వంటిది. 1952లో జేమ్సు, మార్టిను అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు మొదటి విద్యను ప్రకటింపగా, ఆ దశాబ్దములోనే అమెరికాలో గోల్కే, మెక్‌లాఫర్టీ యనువారు రెండింటిని జతపరచిరి.

మరియొక విశేషము. ఈ వాయువు చాలవరకు ఎగిరిపోవును, లేదా ఆహారములోని క్లోరైడుతో కలిసి 2-క్లోరో ఇథనాలుగా మారును. పరీక్షకులు రెండింటిని కొలిచి కూడుదురు; కావున రూపు మార్చినను దొంగ దొరకును. అట్లని యీ జంట సర్వజ్ఞ కాదు. రంగుకై పసుపులో కలుపు సీసపు క్రోమేటును కనుగొనుటకు వేరు యంత్రములు కావలయును.

2020 అక్టోబరులో ఐరోపావారు మన నువ్వులకు పరీక్షాపత్రము తప్పనిసరి చేసి, సగము సరకులను రేవులలో తనిఖీ చేయ నిర్ణయించిరి. మా చిన్నమ్మ యెన్నడును ఆ వాయువు పేరైన వినలేదు. వేసవిలో కోసిన కట్టలను నిలువబెట్టి యెండించి, గుడ్డపై దులుపుటయే యామె యెరుగును. అయినను ఆ యేట కొనవచ్చిన వర్తకుడు ఈ వార్తనే చెప్పి ధర కోసెను. పట్టించినవారొకరు, పోగొట్టుకొన్నవారొకరు! మాకిది నేటికిని మింగుడుపడలేదు.

పై దేశపు పళ్లెమునకున్న కావలి మన పళ్లెమునకు వలదా యని చెల్లెలడుగగా, 2006 నాటి ఆహార భద్రతా చట్టములోని 40వ సెక్షను చూపితిమి. కొనువారెవరైనను, కొనునపుడే అమ్మువానికి తెలిపి, రుసుము చెల్లించి, వస్తువును ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. దోషము తేలినచో రుసుము తిరిగి వచ్చును. హైదరాబాదు నాచారములో ప్రభుత్వ ఆహార ప్రయోగశాల కలదు. ఈ సెక్షను గూర్చి యింతవరకు మాకును తెలియకపోయెను.

చిన్నమ్మ నువ్వులు ఏ గిడ్డంగి గడపయు త్రొక్కక కళ్లమునుండి నేరుగా వచ్చినవని తుదను వ్రాసితిమి. మొన్న సిరిసిల్లనుండి ఒక డబ్బా వచ్చినది. మూట విప్పినట్లే. ముద్దలలో బెల్లము మాత్రము కొంచెము తక్కువైనది.