కమ్యూనికేషన్ పాఠంలో మనిషెవరు?

జర్నలిజం కోర్సులో చేరిన విద్యార్థికి మొదట్లోనే ఒక బాణం గుర్తుల బొమ్మ ఎదురవుతుంది. ఈ చివర పంపేవాడు, ఆ చివర అందుకునేవాడు, మధ్యలో ఛానెల్, దారిలో అడ్డుపడే రొద. బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన లెక్క ఇది. సందేశానికి అర్థమేమిటన్నది ఇంజనీరింగు సమస్యతో సంబంధం లేని సంగతని ఆయనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది వారెన్ వీవర్ దానికి వ్యాఖ్యానం రాసి మనుషుల మాటలకు కూడా అన్వయించాక అది మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. తీగల కోసం గీసిన బొమ్మలో మనిషిని పెడితే ఏమవుతుందో మన ఊరి దండోరాతోనే చూద్దాం.

పంచాయితీకి రమ్మన్నా, శిస్తు కట్టమన్నా ఊళ్లో చాటింపు వేసేవాడు మాదిగో మాలో అయ్యుండేవాడు. డప్పు అతనిది, గొంతు అతనిది, తిరిగే కాళ్లు అతనివి. మాట మాత్రం కరణానిదీ మునసబుదీ. “ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా” అనే ఆ భాషలో వాడలో ఏ తల్లీ బిడ్డతో మాట్లాడలేదు. మరి షానన్ బొమ్మలో అతన్నెక్కడ పెడదాం? పంపేవాడు కరణం. అందుకునేది ఊరు. డప్పు కొట్టే మనిషి ఛానెల్. అంటే తీగ. తీగకు అభిప్రాయం ఉండదు, ఉండకూడదు. తీగ సొంతంగా మాట్లాడితే ఆ బొమ్మ లెక్కలో అది రొద కిందికే వస్తుంది.

1985 జులైలో కారంచేడులో జరిగిందేమిటి? మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని ఒక యువకుడు అడ్డు చెప్పాడు. అతని మీద చెయ్యి చేసుకుంటుంటే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, 17వ తేదీన, ఆధిపత్య కుల భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చెరువు దగ్గర వాళ్లన్నది న్యాయమా కాదా అన్న చర్చ ఊరికి అక్కర్లేకపోయింది. వాళ్లు మాట్లాడటమే నేరమైంది.

కమ్యూనికేషన్ సిద్ధాంతం ఏదైనా సరే, దాని అడుగున మనిషంటే ఎవరన్న ఊహ ఒకటి ఉంటుంది. ‘మానవ స్వభావం’ అన్న అంశం కింద హాబ్స్, లాక్, రూసో వరసగా వస్తారు. మనిషిని నడిపేది భయమూ స్వార్థమూ అని హాబ్స్ 1651లో అన్నాడు. సెన్సారుకు ఆ ఊహ చాలు. మనసు పుట్టుకతో తెల్లకాగితమని లాక్ అన్నాడు. కాగితం మీద ఎవరేమైనా రాయొచ్చు గనక ప్రచార శాఖలకూ ప్రకటనల కంపెనీలకూ ఇది ఇష్టమైన ఊహ. (ఇదే లాక్ 1669 నాటి కరొలైనా రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్నాడు. బానిస మీద యజమానికి సంపూర్ణాధికారం ఇచ్చిన రాజ్యాంగమది. తెల్లకాగితం అందరిదీ కాదన్నమాట.) మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని 1785లో కాంట్ రాసింది మన డప్పు మనిషికి నేరుగా పనికొస్తుంది. జాతుల మధ్య ఎక్కువ తక్కువలు పెట్టి రాసిందీ ఆయనే. మాట తీసుకుందాం, మనిషిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రూసోను ఇక్కడికి వదిలేద్దాం.

అసలు చిక్కు అరిస్టాటిల్ దగ్గరుంది. బాధనూ సుఖాన్నీ తెలిపే గొంతు జంతువులకూ ఉంది, న్యాయాన్యాయాలు చెప్పే మాట మనిషికే ఉంది అన్నాడాయన. ఎంత బాగుంది! అదే ‘పాలిటిక్స్’లో ఇంకాస్త ముందుకుపోతే, స్వభావరీత్యా బానిస అయినవాడు వివేకాన్ని గ్రహించగలడు గానీ అది అతని సొంతం కాదంటాడు. మీడియా భాషలో చెప్పాలంటే బానిస ఎప్పటికీ శ్రోతే.

మన ధర్మశాస్త్రాలు ఆ శ్రోత హోదా కూడా ఇవ్వలేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన సీసమో లక్కో పొయ్యమనీ, పలికితే నాలుక కోయమనీ గౌతమ ధర్మసూత్రం విధించింది. శిక్ష ఎక్కడ పడుతుందో గమనించండి: చెవి, నాలుక. మీడియా విద్యార్థులు దీన్ని మతగ్రంథమని పక్కన పెట్టెయ్యకుండా కమ్యూనికేషన్ విధానంగా చదవాలని మేము అడుగుతున్నాం. ఎవరు వినాలో, ఎవరు పలకాలో, ఎవరి మధ్య మాట నడవకూడదో తేల్చిన చట్టమది. వర్ణాల పనులు స్వభావం నుంచి పుట్టిన గుణాలను బట్టి పంచబడ్డాయని గీత పద్దెనిమిదో అధ్యాయం చెప్తుంది. అందుకే క్లాసులో ‘స్వభావం’ అన్న మాట వినపడితే మన పిల్లలు కాస్త ఉలిక్కిపడతారు. పడాలి కూడా.

దీనికి పాత జవాబొకటి ఈ నేల మీదే ఉంది. సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడి వాదన చాలా సూటిగా ఉంటుంది. గడ్డికీ చెట్టుకీ, పురుగుకీ పక్షికీ జాతిని పట్టిచ్చే గుర్తులు ఒంటిమీదే ఉంటాయి. మనుషుల్లో అలాంటివి లేవు, ఉన్న తేడా పిలుపు వల్ల వచ్చింది. పిలుపంటే భాషే గదా. తాత వయసున్న మాలాయన్ని పదేళ్ల దొరబిడ్డ “ఒరే” అన్నప్పుడల్లా కులం కొత్తగా తయారవుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో ఈ గొడవ ఇంకో రూపంలో నడిచింది. మామూలు మనిషి లోకాన్ని నేరుగా చూడలేడు, తలలో ఉన్న బొమ్మల్నే లోకమనుకుంటాడు, కాబట్టి నిపుణుల మీద ఆధారపడక తప్పదన్నది 1922లో ‘పబ్లిక్ ఒపీనియన్’ రాసిన వాల్టర్ లిప్‌మన్ ధోరణి. జాన్ డ్యూయీకి ఇది సరిపోలేదు. 1927లో ‘ద పబ్లిక్ అండ్ ఇట్స్ ప్రాబ్లమ్స్’ రాశాడు. డ్యూయీ దృష్టిలో మాట్లాడుకోవటమంటే అనుభవాన్ని పంచుకోవటం. చెప్పినవాడూ విన్నవాడూ ఇద్దరూ మారతారు. మనిషి మనిషయ్యేది ఆ రాకపోకల్లోనే.

1913-16 మధ్య కొలంబియాలో చదివిన అంబేద్కర్‌కు ఈ డ్యూయీ గురువు. ఆయనకు ఎంతో రుణపడ్డానని 1936 నాటి ‘కులనిర్మూలన’లో రాసుకున్నారు కూడా. కానీ గురువు ఆగిన చోట శిష్యుడు ఆగలేదు. అనుభవం పంచుకోవటం వల్లే సమాజం ఏర్పడుతుందంటే, పంచుకోవటాన్నే నిషేధించిన చోట సమాజం ఉన్నట్టా? హిందూ సమాజమనేది లేదు, ఉన్నది కులాల పోగేనని ఆయన తేల్చింది ఇందుకే. ఆ ప్రసంగం లాహోరులో వినపడనే లేదు. ఆహ్వానించిన జాత్ పాత్ తోడక్ మండల్ దాన్ని ముందే చదివి సభనే రద్దు చేసుకుంది.

అంతకు పదహారేళ్ల ముందు, 1920 జనవరి 31న, ఆయన ‘మూక్‌నాయక్’ మొదలుపెట్టారు. మూగవాళ్ల నాయకుడని అర్థం. డబ్బు కడతామన్నా దాని ప్రకటనను ‘కేసరి’ వేసుకోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో ‘భాగ్యనగర్’ తెచ్చారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి తన ఉద్యమానికి ‘దండోరా’ అని పేరు పెట్టుకుంది. వర్గీకరణ మీద మాల మాదిగల మధ్య వాదన వేరే చర్చ. ఇక్కడ పేరు చూడండి. డప్పు అదే, గొంతు అదే. ఈసారి మాట కూడా వాళ్లదే.

పెద్ద పత్రికల సంగతి వేరు. 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ ‘పయొనీర్’లో ఒక వ్యాసం రాశాడు. ప్రభుత్వ గుర్తింపున్న 686 మంది విలేఖరుల జాబితా ముందేసుకుని వెతికినా తనకు ఒక్క దళిత జర్నలిస్టు దొరకలేదన్నాడు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కేస్తే వాళ్లలో దళితులు లేరు, ఆదివాసీలు లేరు. ఇది ఉద్యోగాల లెక్క మాత్రమే అనుకునేవాళ్లు దళితులపై దాడి వార్త ఒకటి తీసి క్రియాపదాల కింద గీతలు గీసి చూడండి. ఎస్పీ ‘వివరిస్తారు’. కలెక్టరు ‘హామీ ఇస్తారు’. మంత్రి ‘ప్రకటిస్తారు’. వాడవాళ్లు ‘వాపోతారు’, ‘విలపిస్తారు’, ‘బోరుమంటారు’. గొంతు ఉంది, మాట లేదు. ప్రాజెక్టు వర్క్ ఏం చెయ్యాలని అడిగే విద్యార్థులకు మేము చెప్పేదొక్కటే: ఒక నెల పత్రికలు కట్టగట్టుకుని కూర్చోండి, వాడ మనిషి ‘వాదించాడు’ అని ఎన్నిసార్లు అచ్చయిందో రాసుకురండి.