మారే విలువలు: ప్రోగ్రాంలో పరామితుల అమరిక

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం సంక్రాంతికి సొంత ఊరు వెళ్ళాలనుకుందనుకోండి. జనవరి 12న హౌరాలో రైలెక్కాలి. ఆ రోజుకు రిజర్వేషను ఎప్పటి నుంచి ఇస్తారు?

2024 అక్టోబరు వరకు ఉన్న నియమం ప్రకారం ప్రయాణానికి 120 రోజుల ముందు, అంటే సెప్టెంబరు 14 నుంచి ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ఈ గడువును 60 రోజులకు తగ్గించింది. ప్రయాణం చేసే రోజును లెక్కలో చేర్చరు. కొత్త లెక్క ప్రకారం నవంబరు 13 వస్తుంది. పండుగ రోజుల్లో బెర్తులు ఎంత త్వరగా నిండిపోతాయో మీకు తెలిసిందే. తేదీ తప్పితే ప్రయాణమే తప్పిపోవచ్చు.

ఈ గడువు మారడం ఇది మొదటిసారి కాదు. 2013 మే 1న 120 నుంచి 60కి తగ్గింది. 2015 ఏప్రిల్ 1న మళ్ళీ 120 అయింది. కాని ఛార్జీ లెక్కకట్టడం, బెర్తు కేటాయించడం, టికెట్టు ముద్రించడం వంటి పనులకు ఈ మార్పుతో సంబంధం లేదు. ఇలా పని మారకుండా తాను మాత్రం మారే విలువను పరామితి అంటారు.

ఇటువంటి ప్రోగ్రాంను మనమే రాస్తున్నామనుకుందాం. పెద్ద ప్రోగ్రాంను ఒకే ముక్కగా రాయరు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగం రాసి, అన్నిటినీ ఒక చట్రంలో అమరుస్తారు. ఈ భాగాలే మాడ్యూళ్ళు. టికెట్టు ఇచ్చే మాడ్యూలులో 120 అని, ఖాళీలు చూపే మాడ్యూలులో కూడా 120 అని విడివిడిగా రాశామనుకోండి. గడువు మారిన రోజున మొదటిదాన్ని దిద్ది రెండోదాన్ని మరచిపోతే ఏమవుతుంది? తెర మీద ఖాళీలు కనిపిస్తాయి, టికెట్టు మాత్రం రాదు. కౌంటరులో గొడవ తప్పదు!

అందుకే విలువను ఒకే చోట, ఒక పేరుతో రాయాలి:

ముందస్తు_గడువు = 60

మాడ్యూళ్ళన్నీ ఈ పేరుతోనే విలువను అడిగి తీసుకోవాలి. ఏ మాడ్యూలూ సొంతంగా అంకెను దాచుకోకూడదు.

అయితే అన్ని రైళ్ళకూ ఒకే గడువు ఉండదు. తాజ్ ఎక్స్‌ప్రెస్, గోమతి ఎక్స్‌ప్రెస్ వంటి కొన్ని పగటి రైళ్ళకు గడువు తక్కువ. విదేశీ పర్యాటకులకు 365 రోజులు. వీటి కోసం ప్రోగ్రాంను తిరగరాయనక్కరలేదు. 60ని సాధారణ విలువగా ఉంచి, ప్రత్యేక విలువల పట్టికను పక్కన పెడితే చాలు. మాడ్యూలు అడిగినప్పుడు ముందుగా ప్రత్యేక పట్టికను చూడాలి. అందులో లేకపోతేనే సాధారణ విలువను ఇవ్వాలి. ఈ వరుస తారుమారైతే పట్టిక ఉండీ లేనట్టే.

అమలు తేదీ సంగతి కూడా ఉంది. 2024 అక్టోబరు 31 వరకు పాత గడువుతో కొన్న టికెట్లు చెల్లుతాయని రైల్వే ప్రకటించింది. కాబట్టి కొత్త విలువ రాగానే పాతదాన్ని చెరిపివేయకుండా, ఏది ఏ తేదీ నుంచి వర్తిస్తుందో రాసి ఉంచాలి.

ప్రోగ్రాం అనేక కంప్యూటర్లలో నడిచేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు రిజర్వేషను కేంద్రాలను 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిపారు. ఇటువంటి ఏర్పాటులో ఒక్క చోట పాత విలువ మిగిలినా చిక్కే.

2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో జరిగింది చూడండి. ఎన్నో ఏళ్ళుగా వాడని ఒక పనికి చెందిన పరామితిని ఆ సంస్థ కొత్త పనికి వాడుకుంది. కొత్త ప్రోగ్రాంను ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఎనిమిదోది ఆ పరామితిని పాత అర్థంలోనే తీసుకొని, అక్కరలేని ఆర్డర్లు పంపుతూ పోయింది. సుమారు 45 నిమిషాలలో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. పాత పేరుకు కొత్త అర్థం అంటగట్టకుండా, కొత్త పేరే పెట్టి ఉంటే ఎనిమిదో సర్వరుకు అది అర్థమయ్యేదే కాదు.

మీరే చేయండి

1. మే 20న ప్రయాణానికి 60 రోజుల గడువు ప్రకారం రిజర్వేషను ఎప్పుడు మొదలవుతుంది?
2. గోమతి ఎక్స్‌ప్రెస్ టికెట్టు అడిగితే ప్రోగ్రాం ముందుగా ఏ పట్టికను చూడాలి?

జవాబులు: 1. మార్చి 21. 2. ప్రత్యేక విలువల పట్టికను.