మీకు తెలుసా? సగటు దాచే ఆలస్యం
హంసలదీవి దగ్గర సముద్రపొడ్డున ఉన్న పాలకాయతిప్పకు ఓ ఆన్‌లైన్ దుకాణం పది పార్శిళ్లు పంపిందనుకుందాం. తొమ్మిది మూడేసి రోజుల్లో చేరాయి, ఒకటి 13 రోజులకు. సగటు 4 రోజులు. కానీ నాలుగో రోజున అందుకున్నవాళ్లు ఒక్కరూ లేరు! కాబట్టి చెప్పిన తేదీకి నూటికి ఎన్ని చేరాయో చూడాలి, చేరనిది ఎక్కడ ఆగిందో వెతకాలి.

వెతకడానికి ఆధారం స్కానింగ్. 1986 ఆగస్టు 1న మొదలైన స్పీడ్ పోస్ట్‌లో ఇప్పుడు ప్రతి కవరుకూ, పార్శిల్‌కూ ఓ నంబరు ఉంటుంది: రెండు ఇంగ్లిషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. తొమ్మిదో అంకె పని ముందున్న ఎనిమిదింటిలో తప్పు పడితే పట్టివ్వడమే. స్కాన్ చేసిన ప్రతిచోటా టైమ్ నమోదవుతుంది. తీరా చూస్తే ఆ పదమూడు రోజుల పార్శిల్ దారిలోని అవనిగడ్డ దాటాక కాదు, దుకాణం గోడౌన్‌లోనే పది రోజులు కూర్చుని ఉండొచ్చు!