పలుకలేనివారి పలుకు

మాట పలుకుటకు ఊపిరితిత్తులు, స్వరపేటిక, నాలుక, పెదవులు కలిసి పనిచేయవలెను. మెదడునుండి ఆ కండరములకు ఆజ్ఞలు సరిగా చేరకున్నచో నోట మాట రాదు. కాని తెలివి, భాష లోపల నిలిచియే యుండవచ్చును. మస్తిష్క పక్షవాతము గల పిల్లలలో కొందరి స్థితి ఇట్టిది. మాటకు బదులుగనో, ఉన్న కొద్దిమాటకు తోడుగనో వీరికి ఉపకరించు సాధనములు కొన్ని కలవు.

వీటిలో మిక్కిలి సులభమైనది అక్షరములు, బొమ్మలు గల పలక. చేతితో చూపలేనివారు కంటిచూపుతో చూపుదురు. 1949లో ఛార్లెస్ బ్లిస్ అన్ని భాషలవారికి పనికివచ్చునట్లు ఒక చిహ్నలిపిని ప్రకటించెను. 1971లో కెనడాలోని టొరంటోలో దానిని మాటలేని పిల్లలకు నేర్పగా, వారు చిహ్నములను కూర్చి తమ భావములను చెప్పసాగిరి.

వేలొక్కటి మాత్రమే కదలువారి సంగతి ఏమి? వారికి మీట యొక్కటి చాలును. తెరపై వెలుగు ఒక్కొక్క గడి మీదుగా నడచును. కావలసినచోట మీట నొక్కవలెను. మన 56 అక్షరములను ఒకే వరుసలో పేర్చినచో ఒక అక్షరమును చేరుటకు సగటున 28.5 అడుగులు పట్టును. వాటినే వరుసకు 8 చొప్పున 7 వరుసలుగ పేర్చి, మొదట వరుసను, పిదప గడిని ఎన్నుకొనినచో సగటున 8.5 అడుగులే. మీటను రెండుమార్లు నొక్కవలసియున్నను కాలము ఎంతో కలిసివచ్చును. తరచుగా వచ్చు అక్షరములను ముందుంచినచో ఇంకను తగ్గును.

భౌతిక శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతుకు జరిగిన శస్త్రచికిత్సతో మాట కోల్పోయెను. పిదప చేతిలోని మీటతోను, చేయి పట్టుదప్పిన తరువాత చెంప కదలికతోను కంప్యూటరుపై మాటలను ఎన్నుకొని యంత్రస్వరముతో పలికించెను. చేయి పనిచేయు రోజులలో ఆ వేగము నిమిషమునకు సుమారు 15 మాటలు. ఇంగ్లీషు మాటలాడువారు సాధారణముగా నిమిషమునకు 100 మాటలు దాటుదురు.

ఈ తేడాయే తరగతిలో చిక్కు తెచ్చును. ప్రశ్న వేసి, మూడు క్షణములలో పక్క పిల్లవానివైపు తిరుగు ఉపాధ్యాయునికి ఇట్టి విద్యార్థి జవాబు ఎన్నడును అందదు. తెలిసినవాడే తెలియనివానిగ లెక్కకు వచ్చును. కావున ప్రశ్నలను ముందురోజే ఇయ్యవలెను; ఓపికతో వేచియుండవలెను; అతని వాక్యమును మనము పూరింపరాదు. పరీక్షలో అదనపు కాలము ఇచ్చినగాని అతనికి తెలిసినదెంతో కొలువజాలము.

పలకకు అలవాటుపడినచో నోటిమాట రాదేమోయని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. పరిశోధనలలో అట్టి నష్టము కనబడలేదు. కొందరిలో మాట కొంత పెరిగినది కూడ. మన దేశపు వికలాంగుల హక్కుల చట్టము (2016) 'సంభాషణ'కు ఇచ్చిన నిర్వచనములో ఈ పద్ధతులను చేర్చినది.

యంత్రము లేదని ఆగనక్కరలేదు. ఒక అట్టపై అక్షరములను వరుసలుగ వ్రాసి, క్రింద 'అవును', 'కాదు', 'అర్థము కాలేదు' అని చేర్చినచో పని మొదలుపెట్టవచ్చును. విద్యార్థికి ఆ మూడవ గడి మిక్కిలి అవసరము.