హస్తప్రయోగము – పుంస్త్వము

పెద్దల నడుగుటకు సిగ్గు, వైద్యుని అడుగుటకు భయము. ఇట్టి స్థితిలో హస్తప్రయోగమును గూర్చిన సందేహములతో పెక్కురు యువకులు గోడల మీది ప్రకటనలను నమ్ముకొనుచున్నారు. కావున ఈ అలవాటు పుంస్త్వమునకు ఎంతవరకు హానికరమో, ఎంతవరకు కాదో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఈ భయము చాల పాతది. మన దేశమున శుక్రము సప్తధాతువులలో కడపటిది. నలువది రక్తబిందువులు ఒక మజ్జాబిందువగునని, అట్టి నలువది బిందువులు ఒక శుక్రబిందువగునని జనులు చెప్పుకొనుట కలదు. ఐరోపాలోను 1760లో తిస్సో అను స్విట్జర్లాండు వైద్యుడు ఈ అలవాటు సర్వరోగములకు మూలమని గ్రంథము వ్రాసెను. శుక్రనష్టమైనదను చింతతో నీరసించు యువకుల స్థితికి 1960లో భారతీయ మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్. ఎన్. విగ్ 'ధాతు సిండ్రోమ్' అని పేరిడెను. వారిని క్రుంగదీయునది శుక్రనష్టము కాదు, చింతయే.

శుక్రము రక్తమునుండి వడగట్టిన సారము కాదు. అందు అధికభాగము శుక్రాశయములును, ప్రోస్టేటు గ్రంథియు స్రవించు ద్రవమే. ఒకమారు వెలువడునది సాధారణముగా ఒక చిన్న చెంచాకు మించదు. వృషణములు క్రొత్త కణములను నిత్యము తయారుచేయుచునే యుండును. 1948లో కిన్సే అమెరికాలో ప్రచురించిన పరిశీలనలో నూటికి తొంబదిమందికి పైగా పురుషులు ఈ అలవాటు నెరిగినవారే. దీనివలన నపుంసకత్వము, సంతానహీనత కలుగునన్న మాటకు ఆధారము లేదు.

అట్లని అలవాటునకు ప్రభావమే లేదనరాదు. దేహము అభ్యాసమునకు లొంగునది. మిక్కిలి గట్టి పట్టునకో, బోరగిల పరుండి పరుపునకు ఒరయుటకో ఏండ్ల తరబడి అలవడినవానికి దాంపత్యమున అట్టి ఒత్తిడి లభింపదు. అందుచే స్ఖలనము మిక్కిలి ఆలస్యమగుటయో, అసలు కాకుండుటయో సంభవింపవచ్చును. బోరగిల పరుండు అలవాటు గల నలుగురు పురుషుల ఇక్కట్లను 1998లో శాంక్ అను మనస్తత్త్వవేత్త ప్రకటించెను. నలుగురి అనుభవమునుబట్టి అందరికిని సూత్రము చేయరాదు. అయినను చికిత్సకులు ఇట్టివారిని కొన్నివారములు ఆ పద్ధతిని మానుమని, పిమ్మట పట్టు సడలించి, తొందర విడువుమని చెప్పుదురు. నేర్చిన అలవాటును మార్చుకొనుటకు వీలున్నది.

ఇంతకంటె తరచుగా కీడు చేయునది భయము. అంగస్తంభనమునకు రక్తము ధారాళముగా వచ్చి నిలువవలెను. మనస్సు భీతిల్లినప్పుడు ఎడ్రినలిన్ రక్తనాళములను ముడుచుకొనజేయును. పెండ్లియైన క్రొత్తలో ఒకనాడు ఇట్లు విఫలుడైన యువకుడు తన పాత అలవాటునే నిందించుకొనును. మరునాటికి భయము ఇనుమడించును, వైఫల్యము మరల కలుగును. భార్య తననే లోపముగా భావించి కుములును.

వేకువను, నిద్రలోను స్తంభనము యథాప్రకారముగా నున్నచో తరచు కారణము మనస్సునందుండును. ఎల్లవేళల తగ్గుచున్నచో మధుమేహము, రక్తపు పోటు, పొగాకు, మద్యము కారణములు కావచ్చును. ఒక్కొక్కప్పుడు అది గుండెజబ్బునకు తొలి హెచ్చరికయు కాగలదు. అలవాటుపై నెపము వేసి ఊరకుండుట అపాయకరము.

పుంస్త్వమును పెంచునని మందులను ప్రకటించుట 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టమునుబట్టి నేరము. అయినను ఆ ప్రకటనలు మానలేదు. అట్టి మందులకు ధనము ధారపోయక, దంపతులిరువురును కలసి అర్హుడైన వైద్యుని చూడవలెనని మా మనవి. కుమారుడు సందేహమడిగినప్పుడు ఇంటి పెద్దలు కసరక సమాధానము చెప్పుదురుగాక.